అదే బాల్కనీ



1968 ఆగస్టు 21. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ భవనం ముందున్న మైదానం. ఎటు చూసినా జనమే. అంతకు ముందు రాత్రే సోవియట్ ట్యాంకులు చెకొస్లొవేకియాలోకి చొరబడ్డాయి. మాస్కో వెంట నడిచే మిత్రదేశాలు కొన్ని తమ సైన్యాలను కూడా పంపాయి. రొమేనియా పంపలేదు. పంపకపోవడం ఒక ఎత్తు, పంపలేదని నలుగురిలో నిలబడి చెప్పడం మరో ఎత్తు. ఆ రోజు భవనం బాల్కనీలోకి వచ్చిన యాభై ఏళ్ల నాయకుడు ఈ దాడి పెద్ద తప్పు అన్నాడు, యూరప్ శాంతికే ప్రమాదం అన్నాడు, మన గడ్డ మీదికి వస్తే ఊరుకునేది లేదన్నాడు. కింద జనం ఊగిపోయారు. ఎవరూ చెప్పి కొట్టించిన చప్పట్లు కావవి. పాల్ గోమా అనే రచయిత అప్పటికే ఆ ప్రభుత్వ జైలు కూడు తిన్నవాడు. ఆయన సైతం ఆ ఉపన్యాసానికి కదిలిపోయి కొద్దిరోజుల్లోనే పార్టీ సభ్యత్వం తీసుకున్నాడు.

ఆ నాయకుడి పేరు నికొలాయ్ చౌషెస్కు. నియంతల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా వాళ్ల పతనంతో మొదలుపెడతాం. అప్పుడు మనిషి మొదటినుంచీ రాక్షసుడిలాగే కనిపిస్తాడు. నేను మాత్రం ఈ నిజమైన చప్పట్లతోనే మొదలుపెట్టదలుచుకున్నాను. ఎందుకంటే తరవాతి ఇరవై ఒక్క ఏళ్లలో ఆయన చేసిన పనుల్లో చాలా భాగం, ఆ చప్పట్లు ఆగిపోకుండా చూసుకోవడానికి చేసినవే.

ఆయన 1918లో స్కోర్నిచెష్తి అనే పల్లెటూళ్లో బీద రైతు కుటుంబంలో పుట్టాడు. ఇంటినిండా పిల్లలు. పదకొండేళ్లకే బుకారెస్ట్ వచ్చి చెప్పులు కుట్టే పనిలో చేరాడు. నత్తి ఉండేది. చదువు అంతంతమాత్రం. యవ్వనంలోనే నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీలో చేరి, పట్టుబడి, జైళ్లు తిరిగాడు. ఆ జైళ్లే ఆయనకి కాలేజీలు. నిర్బంధ శిబిరంలో గెయోర్గ్యూ దేజ్ అనే పెద్ద నాయకుడి పంచన చేరాడు. యుద్ధం అయ్యాక ఆ దేజే దేశాన్ని ఏలాడు. 1965 మార్చిలో ఆయన పోయినప్పుడు వారసత్వం కోసం పెద్దతలకాయలు ఒకరినొకరు అనుమానంగా చూసుకుని, మధ్యేమార్గంగా ఈ నలభై ఏడేళ్ల కుర్రాణ్ణి ముందుకు తోశారు. మన చెప్పుచేతల్లో ఉంటాడులే అనుకున్నారు. ఇలా అనుకోవడం రాజకీయాల్లో ఎన్నిసార్లు జరిగిందో, అనుకున్నవాళ్లు ఎన్నిసార్లు మూలన పడ్డారో లెక్కలేదు. ఇక్కడా అంతే. కొద్ది ఏళ్లలో వాళ్లెవరూ కుర్చీల్లో లేరు.

పశ్చిమ దేశాలకి ఆయన ముద్దొచ్చాడు. మాస్కోకి ఎదురు మాట్లాడే కమ్యూనిస్టు దొరికితే వాళ్లకి అంతకంటే కావలసిందేముంది? ఫ్రాన్సు నుంచి డి గాల్ వచ్చాడు, 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ వచ్చాడు. 1972లో రొమేనియా అంతర్జాతీయ ద్రవ్యనిధిలో సభ్యత్వం పొందింది. 1978లో ఆయనా, ఆయన భార్యా బ్రిటన్ రాణిగారి ఇంట్లోనే అతిథులుగా దిగారు, ఆయన గౌరవ నైట్ బిరుదు కూడా పుచ్చుకున్నాడు. బయట ఇన్ని దండలు పడుతుంటే, లోపల ఏం జరుగుతోందని అడిగే దిక్కెవరు?

లోపల జరిగిందేమిటంటే, 1971 వేసవిలో ఆయన చైనా, ఉత్తర కొరియా చూసి వచ్చాడు. ప్యాంగ్‌యాంగ్‌లో వేలమంది ఒకేసారి చేతులెత్తడం, ఒకేసారి పువ్వులు ఊపడం, ఒకే గొంతుతో కిమ్ ఇల్ సుంగ్ పేరు జపించడం చూశాడు. మనిషికి కళ్లు చెదిరాయి. తిరిగొచ్చిన నెలలోనే రచయితలు ఏం రాయాలో, సినిమాలు ఏం చూపాలో చెప్పే సిద్ధాంతాలు జారీ అయ్యాయి. అంతదాకా కాస్త ఊపిరి పీల్చుకున్న సాహిత్యం గొంతు మళ్లీ బిగుసుకుంది. 1974లో తనకోసమే దేశాధ్యక్ష పదవి సృష్టించుకుని, ప్రమాణస్వీకారం రోజున చేతిలో రాజదండం పట్టుకున్నాడు. కమ్యూనిస్టు చేతిలో రాజదండం! ఆ సంగతి తెలిసి స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ అభినందిస్తూ ఒక టెలిగ్రామ్ కొట్టాడు. అది పచ్చి వెటకారం. పార్టీ పత్రిక స్కింతెయా దాన్ని నిజమైన ప్రశంస అనుకుని అచ్చేసింది. నాకు ఆ పాలన మొత్తంలో అన్నిటికంటే నవ్వూ, భయమూ కలిగించే సంఘటన ఇదే. పొగడ్తకీ ఎగతాళికీ తేడా తెలియనంతగా చెవులు మొద్దుబారిపోయాయన్నమాట.

భార్య ఎలీనా సంగతి మరీ విడ్డూరం. బడి చదువే సరిగా సాగని ఆవిడ రసాయన శాస్త్రంలో డాక్టరేట్ సంపాదించింది. పరిశోధనలు ఎవరివో, పేరు ఆవిడది. విదేశాలకు వెళ్లినప్పుడల్లా అక్కడి విశ్వవిద్యాలయాల నుంచి పట్టాలు రాబట్టడం రాయబారుల ముఖ్య బాధ్యత అయిపోయింది. క్రమంగా ఆవిడ ఉపప్రధాని అయింది, కొడుకు ఒక జిల్లాకి పార్టీ అధిపతి అయ్యాడు. ప్రభుత్వమంటే ఇంటి వ్యవహారమైపోయింది.

ఇదంతా బయటికి కనిపించే వేషం. అసలు బాధ సామాన్యుల ఇళ్లలో, మరీ ముఖ్యంగా ఆడవాళ్ల శరీరాల మీద జరిగింది.

1966 అక్టోబరులో 770వ నంబరు శాసనం వచ్చింది. దాదాపు అన్ని సందర్భాల్లోనూ గర్భస్రావం నేరం. కారణం, జనాభా పెరిగితేనే దేశం బలపడుతుందని ఆయన నమ్మకం. గర్భనిరోధక సాధనాలు దుకాణాల్లో దొరకవు. పిల్లల్లేని వాళ్ల మీద పన్ను. 1966లో రెండు లక్షల డెబ్భై వేలకు పైగా ఉన్న జననాలు మరుసటి ఏడాది అయిదు లక్షల ఇరవై వేలు దాటాయి. ఆసుపత్రుల్లో మంచాలు చాలలేదు, ఆ పిల్లలు పెరిగేకొద్దీ బడుల్లో బల్లలు చాలలేదు. తరవాత మళ్లీ జననాలు తగ్గాయి, ఎందుకంటే జనం దొంగచాటు దారులు వెతుక్కున్నారు. అప్పుడు ప్రభుత్వం ఇంకా బిగించింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకి డాక్టర్ల చేత తప్పనిసరి పరీక్షలు చేయించి, ఎవరు గర్భవతులో నమోదు చేయించేవారు. గర్భస్రావం వికటించి ఆసుపత్రికి వచ్చిన స్త్రీని, ఎవరు చేశారో చెబితేగానీ వైద్యం చేయనివ్వని పోలీసులు మంచం పక్కనే కాచుకుని ఉండేవారు. ఈ శాసనం అమల్లో ఉన్న ఇరవై మూడేళ్లలో సుమారు పదివేలమంది ఆడవాళ్లు చనిపోయారని అంచనా. కని పెంచలేక వదిలేసిన పిల్లలతో అనాథాశ్రమాలు నిండిపోయాయి. 1990లో విదేశీ కెమెరాలు ఆ ఆశ్రమాల తలుపులు తీసినప్పుడు, ఇనుప మంచాల్లో ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చున్న పసివాళ్లను చూసి ప్రపంచం నివ్వెరపోయింది. ఎమర్జెన్సీ రోజుల్లో మన దగ్గర బలవంతపు కుటుంబనియంత్రణ ఆపరేషన్లు చేశారు కదా. అక్కడ పిల్లలు వద్దన్నందుకు పోలీసులు, ఇక్కడ కావాలన్నందుకు. సర్కారు పడకగదిలోకి రావడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. 1967లో పుట్టిన ఆ పిల్లలకి 1989 నాటికి ఇరవై రెండేళ్లు.

1977 మార్చి 4న భారీ భూకంపం వచ్చింది. పదిహేను వందల మందికి పైగా పోయారు, ఎక్కువమంది బుకారెస్ట్ వాళ్లే. ఆ సాకుతో ఆయన పాత నగరాన్ని పడగొట్టించడం మొదలుపెట్టాడు. గుట్ట మీదున్న ఉరానస్ పేట పేరుకి కూడా మిగలలేదు. వేలాది కుటుంబాలని కొద్దిరోజుల గడువుతో ఖాళీ చేయించారు. కొన్ని చర్చిలని కూల్చకుండా పునాదులతో సహా పట్టాల మీద జరిపి, అపార్ట్‌మెంట్ల వెనక దాచిపెట్టారు. ఒక ఇంజనీరు పట్టుదల వల్ల దక్కినవి అవి. ఖాళీ అయిన గుట్ట మీద 1984లో ఒక పాలరాతి భవనానికి శంకుస్థాపన చేశారు. మూడు లక్షల అరవై అయిదు వేల చదరపు మీటర్లు. అది పూర్తికావడం ఆయన చూడలేదు.

ఇక అప్పుల కథ. చమురు శుద్ధి చేసే కర్మాగారాలు దేశంలో దొరికే ముడిచమురుకి మించి కట్టుకుంటూ పోయారు. ఇరాన్‌లో షా పడిపోయి చమురు ధర పెరిగేసరికి, దానికి వడ్డీల మోత తోడయ్యేసరికి, 1981 నాటికి అప్పు వెయ్యి కోట్ల డాలర్ల దాకా చేరింది. అప్పులవాళ్లు షరతులు పెట్టారు. చౌషెస్కుకి ఒకరి చేత చెప్పించుకోవడం నామోషీ. మొత్తం అప్పు తీర్చేస్తాను, పైసా మిగల్చను అన్నాడు. అభిమానం ఆయనది, కడుపు మాడింది జనానిది.

పండిన పంట, కోసిన మాంసం అన్నీ ఓడలెక్కాయి. రొట్టె, నూనె, చక్కెర రేషన్. కసాయి దుకాణాల్లో పందికాళ్లు తప్ప ఏమీ మిగిలేవి కావు. వాటికి జనం అడిడాస్ అని పేరు పెట్టుకున్నారు. దేశభక్తులు అని కూడా అనేవారు, పందిలో దేశం విడిచి వెళ్లని భాగం అదొక్కటే కాబట్టి. కాఫీ పేరుతో ఏవో గింజలు వేయించిన పొడి అమ్మేవారు. రొమేనియన్లు అసలు ఎక్కువ తింటున్నారని, కొలత ప్రకారం తింటే ఆరోగ్యమని ప్రభుత్వమే ఒక శాస్త్రీయ ఆహార పథకం ప్రకటించింది. తెల్లవారుజామునే క్యూ కట్టేవారు. ఏం అమ్ముతున్నారో తెలియకుండానే నిలబడేవారు, క్యూ ఉందంటే ఏదో ఉన్నట్టే కదా అని. గదికి ఒక నలభై వాట్ల బల్బు. రాత్రి పొద్దుపోయాక గానీ గ్యాస్ వచ్చేది కాదు, అప్పుడు లేచి మర్నాటి వంట చేసుకునేవారు. చలికాలంలో ఇళ్లలో కోట్లు వేసుకుని కూర్చునేవారు. ఆయన ఏ ఊరికైనా తనిఖీకి వెళ్తే ముందురోజే దుకాణాలు సరుకులతో నింపేవారు. ఆయన వెళ్లగానే లారీల్లో ఎక్కించి తీసుకుపోయేవారు. నిజంగానే అంతా బాగుందని ఆయన అనుకున్నాడా, అనుకున్నట్టు నటించాడా అని ఇప్పటికీ వాదనలున్నాయి. నన్నడిగితే, పదేళ్లు ఒకే నాటకం చూస్తే నటనకీ నమ్మకానికీ మధ్య గీత చెరిగిపోతుంది.

1989 ఏప్రిల్‌లో అప్పు మొత్తం తీరిపోయిందని ఘనంగా ప్రకటించాడు. రేషన్ మాత్రం ఎత్తెయ్యలేదు.

శ్రోతలారా, ఇక మన రేడియో సంగతికి వద్దాం. ఆ దేశంలో టైప్‌రైటర్ ఉన్నవాళ్లు దాన్ని పోలీసులకి చూపించి, అక్షరాల అచ్చు నమూనా ఇచ్చి రావాలి. టెలివిజన్ మామూలు రోజుల్లో రెండే రెండు గంటలు, అందులోనూ చాలాభాగం ఆయన ముఖమే. దక్షిణాన ఉన్నవాళ్లు ఏంటెన్నాలు బల్గేరియా వైపు తిప్పుకున్నారు, పడమటివాళ్లు యుగొస్లావియా వైపు. దొంగచాటుగా వచ్చిన విదేశీ సినిమాల క్యాసెట్లు వేల సంఖ్యలో చేతులు మారాయి. వాటిలో హీరో అయినా, విలన్ అయినా, హీరోయిన్ అయినా మాట్లాడేది ఒకటే ఆడగొంతు. ఇరీనా నిస్తోర్ అనే అనువాదకురాలిది. పగలు ప్రభుత్వ టెలివిజన్‌లో ఉద్యోగం, సాయంత్రం ఈ పని.

కానీ ఇళ్లలో దుప్పటి కప్పుకుని విన్నది మాత్రం మ్యూనిక్ నుంచి వచ్చే రేడియో ఫ్రీ యూరప్. అమెరికా డబ్బుతో నడిచేదే, అది దాపరికం లేని సంగతే. అయితే బుకారెస్ట్‌లో ఏం జరిగిందో బుకారెస్ట్ వాళ్లకి చెప్పేది కూడా అదే. జనం రాసిన ఉత్తరాలు ఎలాగో సరిహద్దు దాటేవి, వాటిని చదివి వినిపించేవారు. సెక్యురితాతె, అంటే ఆయన రహస్య పోలీసు విభాగం, ఆ గొంతులని మూయించడానికి చేయనిది లేదు. 1977లో విమర్శకురాలు మోనికా లొవినెస్కుని పారిస్‌లో ఆవిడ ఇంటి ముందే చావబాదారు. 1981 ఫిబ్రవరిలో మ్యూనిక్ భవనంలో బాంబు పేలింది, చేసింది కార్లోస్ అనే పేరుమోసిన ఉగ్రవాది ముఠా. ఆ రేడియో రొమేనియా విభాగానికి డైరెక్టర్లుగా ఉన్న ముగ్గురు 1981లో, 1983లో, 1988లో వరసగా క్యాన్సర్‌తో పోయారు. ఏదో ప్రయోగం చేశారని అనుమానాలున్నాయి, రుజువు కాలేదు. మైకు ముందు కూర్చునే మనిషికి ఇంత భయపడిన ప్రభుత్వం, తన జనం కడుపులకి మాత్రం భయపడలేదు. అక్కడే లెక్క తప్పింది.

ఎదురు మాట్లాడినవాళ్లు అసలు లేరా అంటే, ఉన్నారు. 1979 పార్టీ మహాసభలో పర్వులెస్కు అనే ఎనభై నాలుగేళ్ల ముసలాయన, పార్టీ పుట్టిన నాటి సభ్యుడు, లేచి నిలబడి నేను ఇతనికి ఓటు వెయ్యను, సొంత గొప్ప తప్ప ఇతనికి దేశం పట్టదు అన్నాడు. సభంతా లేచి చౌషెస్కు పేరు అరుస్తూ చప్పట్లు కొట్టింది, ఆ ముసలి గొంతు వినపడకుండా. 1987 నవంబరు 15న బ్రషోవ్‌లో ట్రక్కుల ఫ్యాక్టరీ కార్మికులు జీతాల కోత మీద ఊరేగింపుగా వెళ్లి పార్టీ ఆఫీసులో దూరారు. ఆ రోజు స్థానిక ఎన్నికలు. లోపల పెద్దల విందు కోసం తెచ్చిన జున్ను, సలామీ, అరటిపళ్లు కనిపించాయి. ఏళ్ల తరబడి దుకాణంలో చూడనివి. నాయకుడి నిలువెత్తు పటాన్ని కిందికి విసిరేశారు. చాలామందిని అరెస్టు చేసి, కొట్టి, దూరప్రాంతాలకి పంపేశారు.

1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలింది. అదే నెలలో బుకారెస్ట్ మహాసభ ఆయన్ని మళ్లీ ఎన్నుకుంది. ప్రతి నాలుగు వాక్యాలకీ లేచి చప్పట్లు.

నెల తిరక్కుండానే పడమటి పట్టణం తిమిష్వారాలో లాస్లో తోకేష్ అనే హంగేరియన్ పాస్టర్‌ని ఇంట్లోంచి వెళ్లగొట్టబోయారు. ఆయన సంఘంవాళ్లు కొందరు డిసెంబరు 15న ఇంటి ముందు కాపలా నిలబడ్డారు. మర్నాటికి ఊరివాళ్లు కలిశారు, రొమేనియన్లు, హంగేరియన్లు అనే తేడా లేకుండా. 17న సైన్యం కాల్చింది. ఆసుపత్రి నుంచి నలభైకి పైగా శవాల్ని రాత్రికి రాత్రి లారీలో బుకారెస్ట్ తరలించి దహనం చేసి, బూడిదని మురికి కాలవలో పోశారు. నాయకుడు మాత్రం అధికార పర్యటనకి ఇరాన్ వెళ్లాడు! 20న తిరిగొచ్చి టెలివిజన్‌లో ఇదంతా రౌడీలు, విదేశీ ఏజెంట్ల పని అన్నాడు. అప్పటికి జనం రేడియోలో అన్నీ వినేశారు.

మర్నాడు, డిసెంబరు 21న సభ పెట్టించాడు. ఎక్కడ? 1968లో తనని హీరోని చేసిన ఆ మైదానంలోనే. అదే బాల్కనీ. నాకు ఇక్కడ అర్థమయ్యేది ఒకటే. అప్పటి చప్పట్లు ఇంకా అక్కడే ఉన్నాయనుకున్నాడాయన. ఫ్యాక్టరీల నుంచి కార్మికులని బస్సుల్లో తెచ్చారు, చేతుల్లో జెండాలు, పటాలు పెట్టారు. రేడియో, టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారం. తలమీద బొచ్చు టోపీతో ఉపన్యాసం మొదలుపెట్టాడు. కొద్ది నిమిషాలకే గుంపులో ఎక్కడో వెనక కేకలు. టపాకాయలని కొందరు, తొక్కిసలాట అని కొందరు, ఎవరిది వాళ్లు చెబుతారు. ఆ రొద అలలాగా ముందుకొచ్చింది. కుడిచెయ్యి ఎత్తి ఆగాడు. ఆ ముఖం సినిమా రీలులో ఇప్పటికీ చూడొచ్చు. కోపం కాదు, భయం కూడా ఇంకా కాదు. తనకి తెలియని భాష వింటున్న మనిషి ముఖం. హలో, హలో అంటాడు, టెలిఫోన్ లైను కట్ అయినప్పుడు అన్నట్టు. పక్కనుంచి ఎలీనా నిశ్శబ్దంగా ఉండమని అరుస్తుంది. టెలివిజన్ తెర కొన్ని నిమిషాలు ఖాళీ.

ప్రసారం తిరిగి వచ్చేసరికి ఆయన వరాలు ప్రకటిస్తున్నాడు. కనీస వేతనం రెండు వేల లేయి నుంచి రెండు వేల రెండు వందలకు పెంచుతామన్నాడు. పింఛను వంద పెంచుతామన్నాడు. మొన్న కాల్చి చంపిన ప్రభుత్వం ఇవాళ రెండు వందలు ఎక్కువిస్తానంటోంది! ఇళ్లలో కూర్చుని చూస్తున్నవాళ్లకి ఆ అంకెలు కాదు వినపడింది, ఆ మధ్యలో తెర ఖాళీ అయిన నిశ్శబ్దం వినపడింది. వీడూ భయపడతాడన్నమాట అని తెలిసింది. ఆ రాత్రి విశ్వవిద్యాలయం దగ్గర అడ్డుకట్టలు కట్టి నిలబడి తూటాలకి ఎదురెళ్లినవాళ్లలో చాలామంది ఇరవై రెండేళ్లవాళ్లు. ఆయన శాసనం వల్ల పుట్టినవాళ్లు.

22 ఉదయం రక్షణ మంత్రి చనిపోయాడని, ద్రోహి అని రేడియో చెప్పింది. సైన్యం పక్క మారింది. జనం భవనంలోకి దూసుకొస్తుంటే మధ్యాహ్నం పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలకి దంపతులు పైకప్పు మీంచి హెలికాప్టర్ ఎక్కారు. పైలట్ మధ్యలో దింపేశాడు. దారిన పోయే కార్లు ఆపి ఎక్కి, మారి, చివరికి తర్గోవిష్టె పట్టణం దగ్గర పట్టుబడ్డారు. మూడు రోజులు ఒక సైనిక శిబిరంలో ఉంచారు. క్రిస్మస్ రోజున విచారణ, గంట సేపు. అరవై వేలమందిని చంపారని అభియోగం. అది పచ్చి అబద్ధం, ఆయన పారిపోయే నాటికి వీధుల్లో చనిపోయినవాళ్లు రెండు వందలకి లోపే. ఆయన ఈ కోర్టుని గుర్తించను, జాతీయ అసెంబ్లీకే జవాబిస్తాను అన్నాడు. అరవై వేలు అక్కర్లేదు, ఆ రెండు వందలే చాలు శిక్షకి. కానీ ఇరవై నాలుగేళ్ల పాలన మీద ఒక్క నిజమైన ప్రశ్న అడిగి జవాబు రాబట్టకుండా ఇద్దరినీ గోడకి నిలబెట్టి కాల్చేశారు. ఆ తొందర ఎవరికి అవసరమైందనే ప్రశ్న ఆ దేశాన్ని ఇప్పటికీ వదల్లేదు.

మర్నాడే 770వ శాసనం రద్దయింది. రెండు వారాలు తిరక్కుండా మరణశిక్షే ఎత్తేశారు. కొత్తగా పగ్గాలు పట్టిన ఇయాన్ ఇలియెస్కు ఒకప్పుడు చౌషెస్కు చేరదీసినవాడే, 1971లో ఆ చైనా, కొరియా యాత్రలో పక్కనున్నవాడే. తరవాత దూరం పెట్టారు. 1990 మే ఎన్నికల్లో ఎనభై అయిదు శాతం ఓట్లతో గెలిచాడు.

విప్లవంలో మొత్తం పదకొండు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో సుమారు ఏడో వంతు మాత్రమే నియంత పారిపోకముందు పోయారు. మిగతావాళ్లంతా, ఉగ్రవాదులు వస్తున్నారు, మంచినీళ్లలో విషం కలిపారు అంటూ స్వేచ్ఛ వచ్చిన టెలివిజన్, రేడియో రాత్రీ పగలూ హెచ్చరిస్తుండగా, ఎవరు ఎవరి మీద కాలుస్తున్నారో తెలియని గందరగోళంలో పోయారు. ఆ ఉగ్రవాదుల్లో ఒక్కడినీ కోర్టులో నిలబెట్టలేదు. ఆ తప్పుడు ప్రసారాలే భయోత్పాతం సృష్టించి ఇన్ని ప్రాణాలు తీశాయని మిలిటరీ ప్రాసిక్యూటర్లు 2018లో ఇలియెస్కు మీద అభియోగం మోపారు. ఆయన కాదన్నాడు. కేసు తేలకముందే 2025 ఆగస్టులో, తొంభై అయిదేళ్ల వయసులో చనిపోయాడు.